తలపుల కోనలో కోతమ్మ

తామ్రగిరి రాజ్యంలో నాలుగేళ్ళుగా ఒక్క పసిబిడ్డకూ మాట రాలేదు.

పిల్లలు పుట్టడం మానలేదు. పుట్టినవాళ్ళు పాలు తాగారు, బోర్లపడ్డారు, పాకారు, నడిచారు. అయినా మూడేళ్ళు నిండిన పిల్లలు కూడా నోరు విప్పలేదు. చెవుడు కాదు. వాళ్ళకు అన్నీ వినబడేవి; అన్నీ ఒకే తీరుగా వినబడేవి. ఆకు రాలినా ఉలిక్కిపడేవారు, కుండ పగిలినా ఉలిక్కిపడేవారు, కన్నతల్లి పేరు పెట్టి పిలిచినా అంతే ఉలిక్కిపడేవారు. గోడ మీది నీడనూ తల్లి ముఖాన్నీ ఒకే చూపుతో చూసేవారు. అంతకంటే భయం కలిగించేది మరొకటి ఉంది. రోజూ పొద్దు వాలే వేళకు రాజ్యంలోని పసివాళ్ళందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగి, ఒక్కసారిగా పడమటి కొండల వైపు తల తిప్పేవారు. కాసేపు అలా చూసి మళ్ళీ తమ ధోరణిలో పడిపోయేవారు.

పడమటి కొండల వెనుక తలపుల కోన ఉంది. అక్కడ ప్రతి మనిషికీ ఒక పొద ఉంటుందనీ, మనిషి నేర్చినదీ చూసినదీ తలచినదీ అంతా ఆ పొదలో తీగలై పాకుతుందనీ పెద్దలు చెప్పేవారు. ఆ తీగలను కోసి తినే రక్కసి ఒకతె ఉందని కూడా చెప్పేవారు. నాలుగేళ్ళ కిందట మహారాణి హైమవతి జ్వరంతో కన్నుమూసింది. కర్మలన్నీ ముగిసిన మర్నాడే మహారాజు ఉదయకేతు ఒంటరిగా గుర్రమెక్కి పడమటికి వెళ్ళాడు. గుర్రం తిరిగి వచ్చింది గాని రాజు రాలేదు. పిల్లలకు మాట రాకపోవడం అప్పటినుంచే మొదలైంది. రాజును మింగినదీ, పిల్లల తలపులను మేస్తున్నదీ ఆ రక్కసేనని మంత్రి భద్రదత్తుడు నిశ్చయించాడు. దాని తల తెచ్చినవారికి అర్ధరాజ్యం ఇస్తామని దండోరా వేయించాడు. పదకొండుగురు యువకులు కత్తులు కట్టుకుని బయలుదేరారు. ఒక్కరూ తిరిగి రాలేదు. పన్నెండోవాడు బయలుదేరనే లేదు.

రాజధానికి రెండు ఆమడల దూరంలో ఏటి ఒడ్డున మేదరిపేట ఉంది. అక్కడ ఎర్నమ్మ అనే మేదరామె బుట్టలూ చాటలూ అల్లి బతికేది. ఆమె భర్త వెదురు కొట్టబోయి కొండ మీదనుంచి జారి చనిపోయాడు. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది పైడి, పద్నాలుగేళ్ళది. తండ్రి వెంట కొండలన్నీ తిరిగినందువల్ల ఏ పొదలో ఏ వెదురు ముదిరిందో దూరంనుంచే చెప్పేది. చిన్నది నూకాలు. దానికి ఇంకో రెండు నెలల్లో నాలుగేళ్ళు నిండుతాయి.

ఒకనాడు ఎర్నమ్మ వెదురు చీలుస్తుంటే బద్ద విరిగి నూకాలు అరచేతిలో దిగింది. నెత్తురు కారింది. నూకాలు ఏడవలేదు. చేతివంక చూసి, పక్కన పాకుతున్న చీమవంక చూసి, మళ్ళీ చేతివంక చూసింది. రెండూ దానికి ఒకటే అయ్యాయి. పైడి ఆ చెయ్యి కడిగి గుడ్డ కట్టింది. కట్టాక తండ్రి వాడిన కొడవలి తీసి నూరడం మొదలుపెట్టింది.

ఎర్నమ్మకు అర్థమయ్యింది. మగవాళ్ళు పదకొండుమంది వెళ్ళి ఏమయ్యారో చూశావు కదా అని బతిమాలింది. ఉన్న ఇద్దరిలో ఒకతెకు మాట లేదు, రెండోదాన్ని కూడా పోగొట్టుకోలేనని ఏడ్చింది. పైడి కొడవలి నూరుతూనే విన్నది.

“అమ్మా, అది ఏడవలేదే,” అంది చివరికి. “సెయ్యి సీరుకుపోనా అది ఏడవలేదు. నానెల్లాలి.”

ఎర్నమ్మ లేచి వెళ్ళి అటుకులు మూటగట్టింది.

మూడు రోజులు నడిచి పైడి పడమటి కొండల మొదటికి చేరింది. అక్కడ ఒక గుహ. గుహ ముందు ఒక ముని కూర్చుని ఉన్నాడు. ఆయన పేరు శరభముని. గడ్డం నేలను తాకుతున్నది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఆయన నిద్రపోలేదని చూడగానే తెలుస్తుంది. పైడి దండం పెట్టి తాను వచ్చిన పని చెప్పింది.

ముని ఆమెను వెనక్కు పొమ్మనలేదు. పసిపిల్లల తీగలు లేతవనీ, లేతగా ఉన్నంతవరకే వాటిని సరిచెయ్యడం సాధ్యమనీ చెప్పాడు. మొదటి ఏట పుట్టిన పిల్లలకు ఈ వానకారు దాటితే తీగలు ముదిరిపోతాయి. ఆ తరవాత వాళ్ళు జీవితాంతం ఇలాగే ఉండిపోతారు. ఈ పాపం ఎవరిదని పైడి అడిగితే ఆయన తల దించుకున్నాడు. చివరికి ఒక్క మాట మాత్రం చెప్పాడు.

“లోపల ఎవరినీ పేరు పెట్టి పిలవకు తల్లీ. అక్కడి తీగలకు కళ్ళు లేవు. పిలిచిన పేరు వైపే అవి పెరుగుతాయి.”

గుహ లోపలికి పోయేకొద్దీ కిందికి దిగుతున్నది. బయటి వెలుగు పోయాక మరో వెలుగు కనిపించింది. ఆరిపోయిన పొయ్యిలోని బూడిద రంగు వెలుగు అది. దానికి పగలూ రాత్రీ లేవు. అడుగున ఒక మడుగు ఉంది. గాలి లేకపోయినా ఆ నీళ్ళు కదులుతున్నాయి. మడుగులోంచి గోరంతలేసి తెల్లని మొలకలు పుట్టుకొస్తున్నాయి. ఒక్కొక్కటి రెండుగా చీలి, ఆ రెండూ నాలుగై, పైడి చూస్తుండగానే నీళ్ళన్నీ తెల్లబడిపోయాయి. ప్రతి మొలకా ఒక తోక విదిలించుకుంటూ మడుగు నడుమకు ఈదుతున్నది.

నడుమ ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఆమె పాదాలు నీటి అడుగున ఉన్నాయి. చేతులు పైకెత్తి ఉన్నాయి. ఆ చేతులు ఎంత దూరం పోయాయో కంటికి అందలేదు. కొండ కడుపంతా చీల్చుకుని పైకప్పును తాకుతున్నాయేమో అనిపించింది. మొలకలు ఆమె కాళ్ళ మీదుగా, నడుము మీదుగా, తాడులాంటి ఆమె జడ మీదుగా వేలకు వేలుగా పైకి పాకుతున్నాయి. పైడికి వేరే దారి లేదు. నీళ్ళలోకి దిగి ఆమె జడ పట్టుకుంది.

“ఎక్కు,” అన్న మాట పైనుంచి కాక నీళ్ళలోంచి వినిపించింది. “నేను నిలువుతల్లిని. ఇక్కడ పుట్టినవాళ్ళందరికీ తల్లినీ నేనే, నిచ్చెననూ నేనే. మధ్యలో మాత్రం ఆగకు. ఆగినచోటే వేరు పడుతుంది.”

పైడి ఎక్కసాగింది. ఆమెకు ఎడాపెడా మొలకలు ఎక్కుతున్నాయి. చల్లగా, మెత్తగా ఉన్న ఆ తోకలు ఆమె మెడను రాసుకుంటూ పోతున్నాయి. ముందు ఎక్కినవాటిని దాటుకుని వెనుక వచ్చినవి ఇంకా పైకి పోతున్నాయి. ఎక్కుతుండగా నిలువుతల్లి తన గోడు చెప్పుకుంది. ఇదివరకు పది మొలకలు పైకి వెళ్తే ఐదే తీగలై నిలిచేవట. పైన తమకు తోడు దొరకనివి వాటంతట అవే వాడి, చుక్కలై మడుగులో రాలిపోయేవట. అందుకు తానెన్నడూ ఏడవలేదనీ, రాలినవాటితోనే మళ్ళీ మడుగు నిండేదనీ చెప్పింది. ఇప్పుడు నాలుగేళ్ళయింది, ఒక్కటీ రాలడం లేదు. పైన చోటు లేదు, కింద పుట్టుక ఆగదు. ఆమె ఒళ్ళంతా నొప్పిగా ఉంది.

ఎంతసేపు ఎక్కినా పైకప్పు రాలేదు. పైడి భుజాలు మండిపోయాయి. ఒక్క క్షణం ఆగి ఊపిరి పీల్చుకుందామని కళ్ళు మూసుకుంది. హాయిగా అనిపించింది. ఇంకాసేపు అనుకుంది. తరవాత చెయ్యి తియ్యబోతే రాలేదు. కళ్ళు తెరిచి చూసుకుంటే అరచేతి గీతల్లోంచి సన్నని తెల్లని వేర్లు మొలిచి జడలోకి పాతుకుంటున్నాయి. పైడి పళ్ళు బిగించి చెయ్యి లాగింది. ఆ వేర్లు పటపటా తెగాయి, నెత్తురు వచ్చింది. ఆ పైన ఆమె ఎక్కడా ఆగలేదు.

పైన కోన విశాలంగా పరుచుకుని ఉంది. కనుచూపుమేర పొదలే. ప్రతి తీగ చివరా ఒక చిన్న అరచెయ్యి ఉంది. ఆ చేతికి లెక్కలేనన్ని వేళ్ళు. గుడ్డివాడు గోడ తడుముకున్నట్టు అవి గాలిని తడుముకుంటూ, ఒక్కొక్క వేలూ చాచి, ముడిచి, మళ్ళీ చాచి ముందుకు పాకుతున్నాయి. ఒక తీగ చెయ్యి మరో తీగ చేతిని కలుసుకున్నచోట రెండూ పట్టుకోవడం లేదు; వెంట్రుకవాసి ఎడంలో ఆగిపోతున్నాయి. ఆ ఎడంలో ఒక చేతినుంచి మరో చేతికి వెలుగుచుక్క దూకుతున్నది. అలా చుక్కలు దూకడమే మనిషి తలపు.

కానీ ఇక్కడ ప్రతి తీగా ప్రతి తీగనూ కలుసుకుని ఉంది. ఒక చుక్క బయలుదేరితే నూరు దారుల్లో పాకి కోనంతా మిణుకుమంటున్నది. ఆ మిణుకుల మధ్య, తీగల్లో నిలువునా చుట్టుకుపోయిన పదకొండుగురు యువకులు కనిపించారు. వాళ్ళ కళ్ళు తెరుచుకుని ఉన్నాయి, ప్రాణాలూ ఉన్నాయి. చిన్నప్పటినుంచి విన్న మాటలన్నీ ఒకదానిమీద ఒకటి, ఆపకుండా, గుసగుసగా వల్లిస్తున్నారు.

పైడి కదలకుండా నిలబడి తీగలను పరికించింది. అడవిలో మొదట చూడాలి, తరవాత నడవాలి అని తండ్రి చెప్పేవాడు. కొన్ని రాళ్ళ మీద పసుపుపచ్చని పూత ఉంది, దానినుంచి తేనె వాసన వస్తున్నది. చేతులన్నీ అటే ఎగబడుతున్నాయి. కొన్ని రాళ్ళ మీద నల్లని పాచి ఉంది, దాని వాసన కాకరకాయంత చేదు. అక్కడికి రాగానే వేళ్ళు ముడుచుకుని పక్కకు తిరిగిపోతున్నాయి. పైడి నల్లపాచి గోకి ఒంటికీ జుట్టుకూ పూసుకుంది, మిగిలినది కొంగులో కట్టుకుంది. అడుగు వేసింది. చేతులు ఆమె ముఖందాకా వచ్చి, ఆగి, వెనక్కు పోయాయి.

ప్రతి పొదలోంచీ దాని మనిషి గొంతు సన్నగా వస్తున్నది. ఒక్క చిన్న పొద దగ్గర మాత్రం గొంతు లేదు, హోరు ఉంది. పైడి చెవి ఆనించింది. వెదురు చీలుస్తున్న చప్పుడు, కుక్క అరుపు, ఏటి నీళ్ళు, ఈగ రెక్కలు, “నూకాలూ, ఇలా రావే” అని పిలుస్తున్న తన గొంతు. అన్నీ ఒకేసారి, అన్నీ ఒకే ఎత్తున వినిపించాయి. తన పిలుపు ఈగ రెక్కల చప్పుడు కంటే ఒక్క పిసరు కూడా ఎక్కువ లేదు. చెల్లెలు పుట్టినప్పటినుంచీ ఈ హోరులో కూర్చుని ఉందన్నమాట. పైడి తట్టుకోలేకపోయింది.

“నూకాలూ,” అంది.

కోన ఒక్కసారి నిశ్శబ్దమైంది. వెంటనే వేల చేతులు ఆమె నోటి మీదికి దూకాయి. వేళ్ళు పెదవులను విప్పాయి, పళ్ళను తడిమాయి, ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో వెతుకుతూ గొంతులోకి దిగబోయాయి. పైడి ఊపిరాడక కిందపడి కొంగు ముడిలోని పాచిని నోట్లో కుక్కుకుంది. ఆ చేదుకు చేతులన్నీ విదిలించుకుని వెనక్కు పోయాయి. ఆమె పాకుకుంటూ, కక్కుకుంటూ చాలా దూరం పోయింది.

ఆగినచోట ఒక పెద్ద బండ ఉంది. బండను ఆనుకుని రక్కసి కూర్చుని ఉంది.

కొండంత రక్కసిని చూస్తాననుకున్న పైడికి ఎండి చుట్టుకుపోయిన ముసలిది కనిపించింది. దానికి ఎన్ని చేతులున్నాయో లెక్కకు అందలేదు. సాలెపురుగు కాళ్ళలా నలుదిక్కులా పరుచుకున్న ఆ చేతుల్లో ప్రతిదాని చివరా కొడవలి గోరు ఉంది. చేతులన్నిటినీ కలిపి ఎవరో ఒకే ఒక్క పొడుగాటి తలవెంట్రుకతో బండకు కట్టేశారు.

“తల కొట్టడానికి వచ్చావా పిల్లా?” అంది రక్కసి. ఆ గొంతు ఎండుటాకులు నలిగినట్టుంది. “కొట్టు. ఆకలికంటే అదే మేలు.” అని మెడ ముందుకు చాచింది.

పైడి కొడవలి ఎత్తింది. కొడితే అర్ధరాజ్యం. కానీ ఆమె చూపు ఆ వెంట్రుక మీద నిలిచింది. కట్టేసి ఉన్నది తీగలను ఎలా మేస్తుంది? మేస్తే ఇన్ని తీగలెందుకున్నాయి?

“నువ్వు కోసేది ఏ తీగలు?” అని అడిగింది.

“చుక్క దూకని తీగలు. పెరగడం పెరిగి, ఎవరి పనికీ రాక, దారికి అడ్డంపడే తీగలు. అవి పోతే తక్కినవాటికి బలం వస్తుంది. రోజూ చుక్క నడిచే తీగకు పైన తెల్లని తొడుగు పడుతుంది. దాని జోలికి నేను పోను, పోదామన్నా నా గోరు దిగదు. నా పేరు కోతమ్మ. నిలువుతల్లి పెంచుతుంది, నేను కోస్తాను. లోకం ఆమెను తల్లి అంటుంది, నన్ను రక్కసి అంటుంది.”

పైడి కొడవలి దించింది. వెదురు పొదను ఏటా పలచన చెయ్యకపోతే ఏమవుతుందో ఆమె ఎరుగును. బొంగులు ఒకదానినొకటి నొక్కుకుని, లోపలి పిలకలు వెలుగందక వంకర్లు తిరిగి, చివరికి పొద మొత్తం బుట్టకు కూడా పనికిరాకుండా పోతుంది. పొదను చంపేది కొడవలి కాదు, కొడవలి పడకపోవడం.

వెంట్రుకను కోసి చూసింది. కొడవలి పదును పోయింది గాని వెంట్రుక తెగలేదు. అది మహారాణి తలవెంట్రుక అనీ, కట్టిన చెయ్యే దాన్ని విప్పాలనీ కోతమ్మ చెప్పింది. రాణి చనిపోయాక రాజు శరభముని కాళ్ళ మీద పడి, ఆమెకు సంబంధించిన ఒక్క తలపు కూడా తన మనసులోంచి పోకుండా వరం అడిగాడు. ముని జాలిపడి ఇచ్చాడు; ఆ వరం బలంతో రాజు రాణి వెంట్రుకతో కోతమ్మను కట్టేశాడు. కానీ కోనకంతటికీ కోతమ్మ ఒక్కతే. ఒక్కడి పొద కోసం ఆమెను కట్టేస్తే అందరి పొదలకూ కట్టేసినట్టే. ముని ఆ సంగతి ఆలోచించలేదు. తెలిసేసరికి వరం నోరు దాటిపోయింది.

వెంట్రుక రెండో కొస బండ వెనక్కు పోయింది. పైడి దాని వెంట నడిచింది.

బండ వెనుక పొద అన్నిటికంటే దట్టమైనది. లోపల మహారాజు ఉదయకేతు కూర్చుని ఉన్నాడు. గడ్డంలోంచి, చెవుల పక్కనుంచి, వేళ్ళ సందుల్లోంచి తీగలు పాకాయి. వెంట్రుక కొస ఆయన పిడికిట్లో ఉంది. పొదలోని ప్రతి ఆకు మీదా హైమవతి ముఖం ఉంది. నేలమీది గులకరాళ్ళ మీద కూడా ఆమె ముఖమే. వేల ముఖాలు, ఒకదానికి మరొకటి పోలిక లేదు. రాజు తలెత్తి పైడిని చూశాడు.

“వచ్చావా హైమా,” అన్నాడు.

ఆ పేరు వినగానే తీగలు గలగలమంటూ మరో మూరెడు పెరిగాయి. నాలుగేళ్ళుగా ఆయన ఆ పేరే పిలుస్తున్నాడనీ, ఆయన తలపులోని తీగలన్నీ ఆ పేరు వైపే పెరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయనీ పైడికి తెలిసింది. ఆమె ఆయన ముందు కూర్చుంది.

“నాను పైడినండీ మారాజా, మేదరోల పిల్లని,” అంది. “మారాణిగోరు ఎలాగుండేవారండీ?”

రాజు చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె కళ్ళు నల్లనివన్నాడు. ఒక ఆకు చూసి, కాదు తేనెరంగువన్నాడు. ఆమె పొడగరి అన్నాడు, తన భుజానికి కూడా రాదన్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయాడు. ఆకులన్నిటినీ వెతికినట్టు చూశాడు.

“ఇందులో ఏది ఆమె?” అన్నాడు. “ఏదీ పోగూడదని కట్టేశాను. ఇప్పుడు ఏది ఆమెదో తెలియడం లేదు.”

పైడి కోతమ్మ చెప్పినది చెప్పింది. తెల్లతొడుగు పడ్డ తీగ పోదని చెప్పింది. రాజు పిడికిలి ఇంకా బిగించాడు. ఒక్కటి పొరపాటున తెగినా తాను బతకలేనన్నాడు. చెల్లెలి సంగతి చెబితే ముఖం తిప్పుకున్నాడు గాని పిడికిలి విప్పలేదు. అప్పుడు పైడి, ఒక్క చుట్టు మాత్రం వదులు చేసి కోతమ్మ చెయ్యొకటి విడిపించమనీ, ముందు తన పొదనే కోయించుకుంటాననీ చెప్పింది. పొరపాటు జరిగితే తనకే జరుగుతుంది. తటపటాయిస్తూనే రాజు ఒక్క చుట్టు విప్పాడు.

ఒకే ఒక చెయ్యి బండ మీదుగా వచ్చి పైడి పొద మీద వాలింది. పైడి కళ్ళు మూసుకుని, వెదురు చీలుస్తూ తండ్రి తీసే కూనిరాగాన్ని గట్టిగా తలచుకుంది. ఆయనను పోగొట్టుకున్నాక ఆమె రోజూ తలచుకున్నది దాన్నే. తలలో ఎక్కడో గడ్డి కోసినట్టు సరసరమంది. నొప్పి లేదు. చల్లని గాలి సోకినట్టయింది. ఒకటి, మరొకటి, ఇంకొకటి, ఏవేవో తెగిపోయాయి. చప్పుడు ఆగాక తండ్రి కూనిరాగం వినబడింది, మధ్యలో ఆయన దగ్గు కూడా. ఇన్నేళ్ళలో అంత తేటగా ఎప్పుడూ వినలేదు.

“ఏం పోయింది?” అని అడిగాడు రాజు.

పైడి చాలాసేపు వెతుక్కుంది. “తెలీదండి,” అంది మెల్లగా. “ఏదో పోనాదని మాత్రం తెలుస్తంది. అదేటో అడిగితే సెప్పలేను. అయ్య మాత్రం ఉన్నాడండి.”

ఆ జవాబులో ధైర్యం ఎంత ఉందో భయమూ అంతే ఉంది. అబద్ధం మాత్రం లేదు. రాజు ఆమె ముఖంలోకి చూస్తూ పిడికిలి విప్పాడు. ఒక్కొక్క చుట్టే, తన చేతులతో తానే, వెంట్రుకనంతా విప్పాడు. ముడి వీడగానే వెంట్రుక బూడిదై రాలిపోయింది.

కోతమ్మ లేచింది. లేస్తూ లేస్తూ పెరిగింది. ఆమె చేతులు కోన నాలుగు అంచులనూ తాకాయి. తరవాత వినిపించిన చప్పుడు పైడి జీవితంలో మరువలేదు. ఎండిన అడవి మీద వడగళ్ళు పడినట్టుంది. ముఖాలు ఆకులతో సహా రాలిపోయాయి, ఒకటి, పది, వెయ్యి. రాజు కేక వేయకుండా పంచె అంచు నోట్లో కుక్కుకున్నాడు. ఆకులన్నీ రాలాక పొద నడుమ ఒకే తీగ మిగిలింది. మణికట్టంత లావున, పాలలా తెల్లగా ఉంది. దానిలో చుక్క పరుగెత్తింది. ఆ వెలుగులో హైమవతి జామకాయ కొరికి, పురుగుందని తుపుక్కున ఊసి, భర్త చూశాడని తెలిసి సిగ్గుపడి నవ్వింది. అంతే. ఆమె కళ్ళు నల్లనివి. రాజు నాలుగేళ్ళకు మొదటిసారి ఏడ్చాడు.

కోనలోంచి వెళ్ళిపోయేటప్పుడు రాజుతో పాటు, తీగలు వీడిన పదకొండుగురు యువకులూ పైడి వెంట నడిచారు. ఎంతకాలమైందో, ఎందుకు వచ్చారో వాళ్ళలో కొందరికి గుర్తు లేదు. నిలువుతల్లి జడ మీదుగా దిగుతుంటే, చుట్టూ తెల్లని చుక్కలు వాన చినుకుల్లా మడుగులోకి రాలుతున్నాయి. గుహ ముందు శరభముని పడుకుని గాఢంగా నిద్రపోతున్నాడు. ఆయనను ఎవరూ లేపలేదు.

పైడి మేదరిపేట చేరేసరికి ఊరంతా నిశ్శబ్దంగా ఉంది. పసివాళ్ళందరూ మూడు రోజులుగా ఒకే నిద్ర పోతున్నారట. ఎర్నమ్మ పెద్దకూతురిని కావలించుకుని, చిన్నదాని వైపు చూపించింది. ఊపిరి ఆడుతున్నది, కళ్ళు తెరవడం లేదు. చచ్చిపోతున్నదేమోనని ఆమె భయం. పైడి చెల్లెలి తల దగ్గర కూర్చుని, దాన్ని కదపనివ్వలేదు. ఆ రోజూ గడిచింది.

మర్నాడు మధ్యాహ్నం నూకాలు కళ్ళు తెరిచింది. బయట కుక్క అరిచింది, అది ఉలిక్కిపడలేదు. పక్కింట్లో ఎవరో వెదురు చీలుస్తున్నారు. అది అటు చూడలేదు. తల్లి ముఖాన్నీ అక్క ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. ఎర్నమ్మ గంజి గిన్నె దాని నోటి దగ్గర పెట్టింది. నూకాలు మూతి ముడిచి పక్కకు తిరిగింది.

“ఒద్దు,” అంది.

ఎర్నమ్మ గిన్నె జారవిడిచి బోరున ఏడ్చింది. ఆ రోజంతా పేటలోని ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఏదో ఒకటి దానికి చూపించడం, అది ఒద్దనడం, వాళ్ళు కళ్ళు తుడుచుకోవడం. చీకటి పడేవేళకు అది అరచెయ్యి చూసుకుని, “నొప్పి,” అని ఏడ్చింది. పైడి ఆ ఏడుపు వింటూ గోడకు ఆనుకుని కూర్చుంది. అప్పుడుగాని తానెంత అలసిపోయిందో ఆమెకు తెలియలేదు.

ఉదయకేతు రాజ్యానికి తిరిగి వచ్చి నిండు సభలో తన తప్పు చెప్పుకున్నాడు. దండోరా ప్రకారం అర్ధరాజ్యం ఇస్తానంటే, తాను రక్కసి తల తేలేదని పైడి ఒప్పుకోలేదు. సంతానం లేని రాజు ఆమెను కూతురిగా స్వీకరించాడు. ఎర్నమ్మనూ నూకాలునూ కోటకు పిలిపించాడు. పైడి చదువూ న్యాయమూ నేర్చుకుని, రాజు తరవాత సింహాసనమెక్కి, ముప్పైయేళ్ళు చల్లగా ఏలింది. ప్రతి ఏడూ పాత శాసనాలన్నీ చదివించి, పనికిరానివాటిని తీసేయించేది. కోనలో ఆమె పోగొట్టుకున్నదేమిటో ఆమెకు తెలియలేదు, ఎవరూ చెప్పలేకపోయారు.

తామ్రగిరిలో నేటికీ పిల్లలు ఒళ్ళు మరిచి నిద్రపోతుంటే ఎవరూ లేపరు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే తల్లులు పెదవి మీద వేలు పెట్టి, కోతమ్మ పనిలో ఉంది అంటారు. ఆ మాట అన్నాక కాసేపు వాళ్ళు కూడా ఊపిరి బిగబట్టి వింటారు. గాలి లేని వేళల్లో, నిద్రపోయే బిడ్డ తల దగ్గర, ఎంతో దూరాన గడ్డి కోస్తున్నట్టు సరసరమని సన్నగా వినిపిస్తుందట.